హష్మత్ జంగ్ జీవితం నేర్పే పాఠం

పరాయి గడ్డపై పనిచేసే మనిషికి రెండు విషయాలు తప్పనిసరి. ఒకటి అక్కడి ప్రజల భాష, రెండవది వారి ఆచారాల పట్ల గౌరవం. ఈ రెండూ ఉంటే చాలునా? హైదరాబాదులో హష్మత్ జంగ్ బిరుదుతో పేరొందిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ జీవితాన్ని ఈ దృష్టితో పరిశీలిద్దాం.

ఆయన 1764లో మద్రాసులో జన్మించాడు. తండ్రిలాగే ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, ఫార్సీ, హిందూస్తానీ భాషలు నేర్చుకున్నాడు. 1795లో నిజాం అలీ ఖాన్ దర్బారుకు వచ్చాడు. మన రాజమండ్రి, ఏలూరు సర్కారులను 1766 నాటి ఒప్పందంతో కంపెనీకి వదులుకున్న నిజాం ఈయనే. అప్పుడు రెసిడెంటుగా ఉన్న అన్న విలియం తర్వాత, 1798లో జేమ్స్ ఆ పదవి పొందాడు. రెసిడెంటు అంటే దర్బారులో కంపెనీ దూత. సైనిక వ్యవహారాలలో నిజాంకు సలహా ఇవ్వడం కూడా అతని పనే.

జేమ్స్ దర్బారు అదబ్‌ను శ్రద్ధగా పాటించాడు. ఇంటివద్ద ఇక్కడి అమీర్ల దుస్తులే ధరించేవాడు. వృద్ధుడైన నిజాం ఆయనను కొడుకుగా భావించాడు. దర్బారులోని గొప్ప సయ్యద్ కుటుంబానికి చెందిన ఖైరున్నిసాతో ఆయనకు నికాహ్ జరిగింది. అందుకోసం ఆయన ఇస్లాం స్వీకరించాడని చరిత్రకారులు వ్రాస్తున్నారు. హృదయాల సంగతి అల్లాహ్‌కే తెలుసు.

ఇక నాణేనికి రెండో వైపు చూద్దాం. 1798 సెప్టెంబరు ఒప్పందాన్ని కుదిర్చింది ఈయనే. దాని ప్రకారం ఫ్రెంచి అధికారులు తీర్చిదిద్దిన నిజాం సైన్యాన్ని, సుమారు 14,000 మందిని, ఆ అక్టోబరులో రక్తపాతం లేకుండానే రద్దు చేశారు. వారి స్థానంలో నిజాం ఖర్చుపైనే కంపెనీ పటాలాలు నిలిచాయి. 1800 ఒప్పందంతో బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు కూడా కంపెనీ పరమయ్యాయి. నిజాం నమ్మి వినిన తియ్యని మాటలకు చెల్లించిన మూల్యం ఇది.

అటు కంపెనీ కూడా ఆయనను పూర్తిగా నమ్మలేదు. ఈ వివాహంపై గవర్నర్ జనరల్ వెల్లస్లీ 1801లో విచారణ జరిపించాడు. 1805లో ఇద్దరు పసిపిల్లలను ఇంగ్లండుకు పంపించారు. అదే సంవత్సరం అక్టోబరులో, 41 ఏళ్ళ వయస్సులో, జేమ్స్ కలకత్తాలో మరణించాడు. ఖైరున్నిసా కొంతకాలం మచిలీపట్నంలో గడిపి, 1813లో హైదరాబాదులో కన్నుమూసింది. పిల్లలను ఆమె మళ్ళీ చూడనే లేదు. ఆయన కట్టించిన రెసిడెన్సీ భవనం నేడు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయంలో ఉంది.

మన గోదావరి జిల్లాల నుండి ఎందరో సోదర సోదరీమణులు గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. అక్కడి భాష నేర్చుకోవాలి, అక్కడి మర్యాద పాటించాలి. ఇది మంచిదే. అయితే భాష తలుపు మాత్రమే తెరుస్తుంది. ఆ తలుపులో నుండి మనం ఏ సంకల్పంతో లోపలికి వెళ్ళామన్నదే అసలు ప్రశ్న. మన మాట నమ్మి తలుపు తీసినవారి నమ్మకం మన చేతిలోని అమానత్. దానికి ద్రోహం చేయని బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.