వేదనాయగం శామ్యూల్ అజరయ్య

వేదనాయగం శామ్యూల్ అజరయ్య (ఆగష్టు 17, 1874 - జనవరి 1, 1945) ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు పదవిని పొందిన మొట్టమొదటి భారతీయుడు. పుట్టుకచే తమిళుడైనప్పటికీ జీవితంలో సగానికి పైగా తెలుగు పల్లెలలోనే గడిపాడు. 1912 నుండి మరణించే వరకు దోర్నకల్ బిషప్పుగా పనిచేశాడు. బాప్తిస్మం పొందిన ప్రతి వ్యక్తీ, ఎంతటి నిరుపేద అయినా, ఎంతటి నిరక్షరాస్యుడైనా, క్రీస్తుకు సాక్షిగా నిలిచినప్పుడే శిష్యుడనిపించుకుంటాడన్నది ఆయన బోధనలో ప్రధానాంశం.

బాల్యం, విద్యాభ్యాసం

అజరయ్య అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో తిరునెల్వేలి జిల్లాకు చెందిన వెల్లాలన్‌విళై గ్రామంలో జన్మించాడు. తండ్రి థామస్ వేదనాయగం శైవ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడై, ఆ గ్రామంలోనే గురువుగా పనిచేశాడు. వివాహమైన చాలాకాలానికి, ఎన్నో ప్రార్థనల అనంతరం కలిగిన కుమారుడు కనుక తల్లిదండ్రులు బైబిలులోని సమూయేలు కథను తలచుకొని ఆ పేరు పెట్టారు. తండ్రి 1889లో మరణించగా తల్లి ఎలెన్ కట్టుదిట్టమైన క్రమశిక్షణతో పెంచింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితం చదివాడు కాని పట్టా పుచ్చుకోలేదు. 1895 నుండి 1909 వరకు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ భారతమంతటా పర్యటించాడు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను కట్నం లేకుండా, ఆర్భాటం లేకుండా వివాహమాడాడు. ఆనాటి తిరునెల్వేలి క్రైస్తవ కుటుంబాలలో ఇది సామాన్యమైన విషయం కాదు.

స్వదేశీ మిషనులు

1902లో యాళ్పాణం వెళ్ళినపుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత ఖర్చుతో సువార్తికులను పంపడం చూశాడు. తరతరాలుగా క్రైస్తవులైన తిరునెల్వేలివారు మాత్రం విదేశీయుల సొమ్ముతో, విదేశీయుల చేత జరిగే సేవను చూస్తూ కూర్చున్నారన్న తలంపు ఆయనను కలచివేసింది. తత్ఫలితంగా 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపకులలో కూడా ఆయన ఒకడు. మనుషులు, ధనం, నిర్వహణ మూడూ భారతీయులవే కావాలన్నది ఈ సంస్థల నియమం.

తిరునెల్వేలి సంఘం తన పనికి ఎంచుకొన్న ప్రాంతం నిజాం రాజ్యంలోని దోర్నకల్. ఇతరులను పొమ్మని చెప్పి తాను ఇంటివద్ద ఉండడం అజరయ్యకు సమంజసంగా తోచలేదు. 1909లో గురుత్వాభిషేకం పొంది, మంచి హోదా గల ఉద్యోగం వదలి దోర్నకల్ చేరాడు. తొలిరోజులలో గుడారమే నివాసం. ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకొని, ఆ భాషలోనే బోధించసాగాడు.

ఎడింబరో ప్రసంగం

1910 జూన్‌లో స్కాట్లండు రాజధాని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. 1,200 మందికి పైగా హాజరైన ఆ సభలో ఆసియావాసులు అతి కొద్దిమంది. విదేశీ మిషనరీలకు, స్వదేశీ సేవకులకు నడుమ ఉన్న సంబంధాన్ని గురించి మాట్లాడవలసిందిగా అజరయ్యను కోరారు. విదేశీయులు భారతీయ సేవకులకు జీతాలిస్తున్నారు, ఆజ్ఞలిస్తున్నారు గాని తమ ఇంట భోజనానికి పిలవడం లేదని, వారి త్యాగాలను మెచ్చుకొంటూనే, నిర్మొహమాటంగా చెప్పాడు. చివరకు తమకు కావలసినది స్నేహితులని విన్నవించాడు. సభలో కలకలం రేగింది. కొందరు నొచ్చుకొన్నారు. ఒకే గురువుకు శిష్యులైనవారు యజమానులుగా, సేవకులుగా ఎలా ఉండగలరన్నదే ఆయన వేసిన ప్రశ్న. నేడు ఆ మహాసభ అనగానే చరిత్రకారులు ముందుగా తలచేది ఈ ప్రసంగాన్నే.

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుదల వలన 1912 డిసెంబరు 29న కలకత్తా సెంట్ పాల్స్ కెథడ్రల్‌లో అజరయ్య బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. భారతీయుని క్రింద ఐరోపావారు పనిచేస్తారా అన్న సందేహంతో ఈ నియామకాన్ని వ్యతిరేకించినవారు అనేకులు. మొదట చిన్నదిగా ఉన్న ఆయన అధ్యక్ష ఖండం, తరువాత కోస్తా ఆంధ్ర ప్రాంతాలు కూడా చేరడంతో విస్తరించింది.

పల్లెలలో శిష్యత్వం

దోర్నకల్ సంఘస్తులలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన కూలీలు. వారికి బాప్తిస్మమిచ్చి లెక్క వ్రాసుకొంటే సరిపోతుందని అజరయ్య భావించలేదు. బాప్తిస్మం పొందినవారు తలపై చేయి ఉంచుకొని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పలికే పద్ధతిని ప్రవేశపెట్టాడు. అది పౌలు తనను గూర్చి చెప్పుకొన్న మాట. దానిని చదువురాని పాలేరు నోట పలికించడమే ఇందులోని విశేషం. ఏటా ఒక వారం సాక్ష్యానికి కేటాయించి సంఘమంతా పొరుగు గ్రామాలకు వెళ్ళేది. త్రాగుడు మానడం, పరిశుభ్రత, పిల్లలను బడికి పంపడం శిష్యుని గుర్తులుగా ఎంచబడ్డాయి.

పేదవాడు పుచ్చుకొనేవాడే గాని ఇచ్చేవాడు కాడన్న అభిప్రాయాన్ని ఆయన అంగీకరించలేదు. వంటకు ముందు గృహిణి గుప్పెడు గింజలు వేరుగా తీసిపెట్టి గుడికి తెచ్చే ఆచారాన్ని ప్రోత్సహించాడు. క్రైస్తవ దానాన్ని గురించి ఒక పుస్తకమే వ్రాశాడు. దోర్నకల్ వేదపాఠశాలలో గురువులు కాబోయేవారితో పాటు వారి భార్యలకు కూడా శిక్షణ ఇచ్చేవారు. 1912లో సుమారు 56 వేలున్న సంఘస్తుల సంఖ్య 1941 నాటికి 2 లక్షల 25 వేలకు చేరింది. మాలపల్లెలలో, మాదిగవాడలలో వచ్చిన మార్పును కళ్ళారా చూసి ఇతర కులాలవారు కూడా కొందరు సంఘంలో చేరారు. అయితే కుల భేదాలు సంఘంలో పూర్తిగా సమసిపోలేదు. మాల మాదిగల మధ్య పంతాలు ఆయనను చివరివరకు బాధించాయి.

గాంధీతో అభిప్రాయభేదం

1930లలో ఈ సామూహిక మతాంతరీకరణలను మహాత్మా గాంధీ తీవ్రంగా విమర్శించాడు. మత విషయాలను తూచి నిర్ణయించుకొనే శక్తి నిరుపేద హరిజనులకు లేదని, సేవను మతమార్పిడికి సాధనం చేయరాదని ఆయన వాదం. ప్రలోభాలు తగవన్న విషయంలో అజరయ్యకూ భిన్నాభిప్రాయం లేదు. కాని కూలివానికి దేవుని గ్రహించే శక్తి లేదనడాన్ని ఒప్పుకోలేకపోయాడు. తన పల్లెలలోని సాధారణ విశ్వాసుల జీవితాలే అందుకు సమాధానమని ఆయన నమ్మకం. మరొక ప్రక్క క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించి, జాతీయవాదిగానే నిలిచాడు. ఈ రెండు వైఖరులను కలిపి చూడనిదే ఆయనను అర్థం చేసుకోవడం కష్టం.

దేవాలయం, చివరి రోజులు

దోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ నిర్మాణానికి పాతికేళ్ళు పట్టింది. 1939 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు, పద్మాలు చెక్కిన స్తంభాలతో హిందూ, మహమ్మదీయ శిల్ప రీతులు ఇందులో కలిసి కనిపిస్తాయి.

1919లో తరంగంబాడి సమావేశం నుండి దక్షిణ భారత సంఘాల ఐక్యతకు అజరయ్య పాటుపడ్డాడు. గ్రామాల పర్యటన ముగించుకొని వచ్చి జ్వరపడి 1945 జనవరి 1న దోర్నకల్‌లో మరణించాడు. ఆయన సమాధి అక్కడే ఉంది. ఆయన కోరిన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. దోర్నకల్ అధ్యక్ష ఖండం అందులో భాగమైంది.