మన్రో దొర గొలుసు, నా చెట్టు

మాది ఎమ్మిగనూరు. పోయిన సెమిస్టర్ ల్యాబ్ ఎగ్జామ్‌లో నాకు బైనరీ సెర్చ్ ట్రీ వచ్చింది. చిన్నది ఎడమకి, పెద్దది కుడికి, అంతే కదా అనుకుని 1 నుంచి 1000 దాకా వరసగా ఇన్సర్ట్ చేసేశా. కోడ్ రన్ అయింది. కానీ తయారైంది చెట్టు కాదు, కుడివైపుకే సాగిన గొలుసు. 1000ని వెతకాలంటే వెయ్యి పోలికలు! మార్కులు పోయాయి.

సెలవులకి ఇంటికెళ్తే మా తాత పొలం పాస్‌బుక్ తీసి, సర్వే నంబర్లు చూపిస్తూ మన్రో దొర పేరెత్తాడు. అక్కణ్నుంచి ఆయన గురించి చదవడం మొదలుపెట్టా.

థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. 1780లో కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగి, హైదర్ అలీ మీద యుద్ధంలో పాల్గొన్నాడు. 1792 నుంచి బారామహల్‌లో శిస్తు పని నేర్చుకున్నాడు. 1800లో నిజాం మన సీమని కంపెనీకి వదిలేశాక, దత్తమండలాలకి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. మన ఆదోని కూడా అందులోదే. ముందు పాలెగాళ్లని అణిచాడు. తర్వాత 1802 నుంచి ఊరూరా సర్వే పెట్టించాడు.

కొలిచింది 33 అడుగుల గొలుసుతో. పొడవూ వెడల్పూ ఒక్కో గొలుసు ఉంటే గుంట, 40 గుంటలైతే ఎకరా. ప్రతి చేనుకీ కొలత, నేల రకం, శిస్తు రాశారు. మధ్యలో జమీందారు లేడు, లెక్క నేరుగా రైతు పేరు మీదే. అదే రైత్వారీ.

ఇది చదువుతుంటే నా తప్పు అర్థమైంది. గొలుసు పట్టుకున్నవాడు చేను తర్వాత చేను నడవాల్సిందే. వెతికేవాడికి ఆ వరస పనికిరాదు. ఈసారి 500 ముందు పెట్టా, తర్వాత 250, 750, అలా ప్రతిసారీ మధ్యది. ఏ నంబరైనా పది పోలికల్లోపే దొరికింది. ఇన్‌ఆర్డర్ ట్రావర్సల్ చేస్తే 1 నుంచి 1000 దాకా మళ్లీ అదే నడక వరస!

కానీ మన్రో కథ అక్కడితో అయిపోలేదు. లెక్క పక్కాగా ఉన్నా, అందులో రాసిన శిస్తు రైతు మోయలేనిది. ఆ సంగతి ఆయనే ఒప్పుకుని, 1807లో వెళ్లిపోయే ముందు పావు వంతు తగ్గించమని రాశాడు. పైవాళ్లు వినలేదు, రైత్వారీనే తీసేసి ఊళ్లని గుత్తకిచ్చారు. 1820లో ఆయన మద్రాసు గవర్నరై తిరిగొచ్చాకే రైత్వారీ మళ్లీ వచ్చింది, శిస్తూ తగ్గింది. మధ్యలో పదమూడేళ్లు!

1827లో చివరిసారిగా ఈ సీమ చూడ్డానికి వచ్చి, జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఇక్కడివాళ్లు పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. కంపెనీ కోసం శిస్తు వసూలు చేసిన దొరే, నిజమే. అయినా తన లెక్కలోని తప్పుని తనే బయటపెట్టాడు.

నా ప్రోగ్రామ్ ఇప్పుడు ఏ చేనునైనా క్షణంలో వెతికి పెడుతుంది. అందులో రాసిన శిస్తు న్యాయమా కాదా అన్నది మాత్రం దానికి తెలియదు. అది మనమే చూసుకోవాలి.