కొలువు దొరికినా కుండ అందలేదు: కార్మికుల అంబేడ్కర్

ఏప్రిల్ 14న పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం చుట్టుపక్కల వాడల్లో బాబాసాహెబ్ విగ్రహాలకు దండలు పడతాయి. నీలి జెండాలు, డప్పులు, రాజ్యాంగం మీద ఉపన్యాసాలు ఉంటాయి. తెల్లారితే జెండాలు కట్టిన ఆ యువకులే సద్దిడబ్బా పట్టుకుని కంపెనీ గేట్ల ముందు నిలబడతారు. రాజ్యాంగం రాసిన అంబేడ్కర్ వాళ్లకు బాగా తెలుసు. ఉద్యోగంలో చేరి అవమానంతో వెనుదిరిగిన అంబేడ్కర్, కార్మిక శాఖ నడిపిన అంబేడ్కర్ అంతగా తెలియదు. ఈ పారిశ్రామికవాడలో ఎవరికి పని దొరుకుతోంది, ఎలా దొరుకుతోంది అని పరిశోధిస్తున్న నాకు ఆయన జీవితంలోని ఈ భాగమే పదేపదే గుర్తుకొస్తోంది.

1891లో మౌ సైనిక పట్టణంలో పుట్టిన భీమ్‌రావ్ ఒక ఉద్యోగి కొడుకు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదార్. ఈస్టిండియా కంపెనీ తన అవసరం కోసం మహర్లను సైన్యంలోకి తీసుకుంది. దానివల్ల ఆ ఇంటికి జీతం వచ్చింది, చదువు వచ్చింది. 1890ల తొలినాళ్లలో బ్రిటిష్ ప్రభుత్వం మహర్ల భర్తీ ఆపేసింది. ఒక కులానికి తలుపు తెరవాలన్నా మూయాలన్నా కొలువిచ్చేవాడికి ఒక్క ఉత్తర్వు చాలని ఆ కుటుంబం కళ్లారా చూసింది.

బరోడా మహారాజు ఇచ్చిన ఉపకారవేతనంతో అంబేడ్కర్ 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. తిరిగొచ్చాక సంస్థానంలో పదేళ్లు పనిచేయాలన్నది ఒప్పందం. అక్కడి నుంచి లండన్ వెళ్లి, ఆ చదువు మధ్యలోనే ఆపుకుని, 1917లో బరోడాలో ఉద్యోగంలో చేరారు. మహారాజు దగ్గర సైనిక కార్యదర్శి హోదా. అర్హత ఉంది, నియామకం ఉంది, జీతం ఉంది. కానీ ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లను దూరం నుంచి విసిరేసేవారు. తాగడానికి నీళ్లు ఇచ్చేవాళ్లు లేరు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. మారుపేరుతో ఒక పార్సీ సత్రంలో తలదాచుకుంటే, పదకొండో రోజు కర్రలు పట్టుకున్న మనుషులు వచ్చి వెళ్లగొట్టారు. ఇద్దరు మిత్రులను ఆశ్రయం అడిగితే తప్పించుకున్నారు. ఒక తోటలో కూర్చుని గంటల తరబడి ఆలోచించి, రాత్రి రైలెక్కి బొంబాయి చేరారు.

బొంబాయిలో షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే సంస్థ పెట్టారు. సలహా ఇచ్చేది ఎవరో తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్ర ప్రొఫెసర్ అయ్యారు. విద్యార్థులు ఆయన పాఠం కోసం ఎదురుచూసేవారు. సాటి అధ్యాపకులు మాత్రం స్టాఫ్‌రూమ్ కుండలో ఆయన నీళ్లు ముంచుకోవడానికి అభ్యంతరం చెప్పారు.

ఈ అనుభవంతోనే ఆయన బొంబాయి మిల్లుల వైపు చూశారు. అక్కడ ఎక్కువ జీతం నేత విభాగంలో ఉండేది. దళిత కార్మికులకు అందులో ప్రవేశం లేదు. నాడెలో కండె మార్చినప్పుడల్లా దారం కొసను నోటితో పీల్చి బయటికి తీయాలి. దళితుడి నోరు తగిలిన నాడెను ముట్టుకోవడానికి మిగతా కార్మికులు ఒప్పుకునేవారు కాదు. దాంతో తక్కువ కూలి ఉండే వడుకు విభాగానికే దళితులు పరిమితమయ్యారు. భర్తీ చాలావరకు జాబర్ల చేతుల్లో ఉండేది. జాబర్ తన ఊరివాళ్లను, తనవాళ్లను, మామూలు ఇచ్చుకున్నవాళ్లను లోపలికి పంపేవాడు. 1928 మహా సమ్మెలో, దళితులకు అన్ని విభాగాల్లో పని హక్కు ఉండాలన్నది కూడా డిమాండ్ కావాలని అంబేడ్కర్ పట్టుబట్టారు. సమ్మె నాయకులు అయిష్టంగానే చేర్చుకున్నారు. కార్మికుడికి యజమానితో ఒక పోరు ఉంటే, దళిత కార్మికుడికి పక్క మగ్గంతో రెండో పోరు ఉందని ఆయన మొహమాటం లేకుండా చెప్పారు. అలాగని కార్మిక ఐక్యతను వదులుకోలేదు. 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. సమ్మె హక్కును కుదించే పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా 1938 నవంబరు 7న కమ్యూనిస్టులతో కలిసి సమ్మె నడిపారు.

1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ ఆయనకు దక్కింది. 1946 వరకు ఆ బాధ్యతలో ఉన్నారు. ధన్‌బాద్ బొగ్గు గనుల్లోకి స్వయంగా దిగి కార్మికుల స్థితి చూశారు. 1943లో కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డు కులాలకు 8.33 శాతం కోటా సాధించారు. యుద్ధం ముగిసే వేళ ఉపాధి కార్యాలయాలు మొదలయ్యాయి. 1946 సవరణతో ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని 48కి తగ్గింది. అదే ఏడాది స్టాండింగ్ ఆర్డర్ల చట్టం వచ్చింది. దీని గురించి మన వాడల్లో చెప్పుకునేది తక్కువ. వంద మంది, అంతకుమించి కార్మికులున్న చోట షిఫ్టులు, సెలవులు, జీతం తేదీ, తొలగింపు పద్ధతి అన్నీ యజమాని రాసిపెట్టాలి. ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో గేటు దగ్గర బోర్డు మీద అంటించాలి. నోటి మాట మీద నడిచే చోట కులం పెత్తనం చేస్తుంది. కాగితం మీదికి ఎక్కిన షరతును కనీసం నిలదీయవచ్చు.

ఇప్పుడు ముంబై హైవే మీద నిలబడి చూద్దాం. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ ప్రభుత్వ రంగ సంస్థ. అక్కడి పర్మినెంట్ ఉద్యోగానికి రిజర్వేషన్ రోస్టర్ ఉంది. కాస్త ముందుకెళ్తే వరుసగా ప్రైవేటు గేట్లు. అక్కడ రోస్టర్ లేదు. చాలా పనులకు ప్రకటన కూడా ఉండదు. లేబర్ కాంట్రాక్టర్, తెలిసినవాళ్ల సిఫారసు, ఫోన్ నంబరు. బొంబాయి జాబర్ పేరు మారి ఇక్కడికి వచ్చాడు. నేను కలిసిన ఒక కెమిస్ట్రీ పట్టభద్రుడికి ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు రసాయనాల మీద వచ్చాయట. ఆ తర్వాత తండ్రి ఏం చేస్తాడు, ఊళ్లో ఇల్లు ఎటువైపు అని అడిగారట. మళ్లీ పిలుపు రాలేదు. కారణం కులమేనని అతను రుజువు చేయలేడు. ఈ వివక్షకున్న బలమే అది. 2007లో అచ్చయిన సుఖదేవ్ తోరట్, పాల్ అటువెల్ అధ్యయనం ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపింది. దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరు కంటే దాదాపు మూడో వంతు తక్కువని తేల్చింది.

లోపలికి వెళ్లాక పరిస్థితి ఏమిటి? 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఫార్మా కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన వలస కార్మికులు. మృతుల్ని గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కార్మికుడి పేరు ఎవరి రికార్డులో ఉంది, ఏ షరతుల మీద ఉంది అన్న ప్రశ్న అతని కుటుంబానికి ఎంత పెద్దదో ఆ రోజుల్లో ఆసుపత్రి ముందు కూర్చున్నవాళ్లకు తెలుసు.

2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఒక కోడ్ ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలంటోంది. ఇంకొకటి స్టాండింగ్ ఆర్డర్ల హద్దును మూడు వందల మందికి పెంచింది. అంటే చిన్నా చితకా యూనిట్లు గేటు దగ్గర ఆ బోర్డు పెట్టాల్సిన పని లేదు. ఒక చేత్తో ఇచ్చిన కాగితాన్ని రెండో చేయి లాక్కుంది.

1956 డిసెంబరు 6న బాబాసాహెబ్ కన్నుమూశారు. ప్రభుత్వ కొలువులో ఆయన వేసిన దారి మిగిలింది. ప్రైవేటు గేటు దగ్గర ఆ పని మొదలే కాలేదు. వచ్చే ఏప్రిల్ 14న దండ వేసి వచ్చాక పటాన్‌చెరు యువకులు తమ కాంట్రాక్టర్‌ను నియామక పత్రం అడగాలి. యూనియన్లు ప్రైవేటు భర్తీలో ప్రకటన, రాతపూర్వక కారణం, రిజర్వేషన్ కోసం పట్టుబట్టాలి. 1928లో ఆయన సమ్మె నాయకుల ముందు పెట్టిన డిమాండ్‌కు ఇది కొనసాగింపే.