ట్యూరింగ్ తిరగేసిన అంకెలు

మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో అందరికీ చెప్పే రూల్ ఒకటుంది. హెక్స్ సంఖ్య అక్షరంతో మొదలైతే ముందు సున్నా పెట్టాలి. లేకపోతే అసెంబ్లర్ దాన్ని సంఖ్య అనుకోదు, ఏదో పేరనుకుంటుంది. ఇదేం చాదస్తం అని విసుక్కునే జూనియర్లకి నేను అలాన్ ట్యూరింగ్ గురించి చెబుతుంటాను.

ఆయన 1912 జూన్ 23న లండన్‌లో పుట్టారు. కంప్యూటర్ అనేది ఇంకా తయారు కాకముందే, 1936లో దాని సిద్ధాంతం రాశారు. యుద్ధకాలంలో బ్లెచ్లీ పార్క్‌లో ఎనిగ్మా సంకేతాల్ని ఛేదించినవాళ్లలో ముఖ్యులు. ఇవి మీకు తెలిసినవే. నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి కథ.

1948లో ఆయన మాంచెస్టర్ యూనివర్సిటీలో చేరారు. 1951లో అక్కడికి ఫెరాంటీ మార్క్ 1 వచ్చింది. దానికి ప్రోగ్రామింగ్ పుస్తకం రాసింది ఆయనే. అసెంబ్లర్ లేదు. ఐదు బిట్లకి ఒక టెలిప్రింటర్ గుర్తు చొప్పున మొత్తం 32 గుర్తులు. సున్నాకి ఏటవాలు గీత, ఒకటికి ఇంగ్లీషు ఈ, అయిదుకి ఎస్. పైగా చిన్న స్థానం ముందు, పెద్ద స్థానం తర్వాత. 37 రాయాలంటే అందులో ఒక 32, పైన అయిదు. కాబట్టి ముందు ఎస్, తర్వాత ఈ, ఆపైన రెండు ఏటవాలు గీతలు! ఆజ్ఞలు కూడా ఇవే గుర్తుల్లో రాయాలి. సున్నాలు నిండిన కాగితం మాంచెస్టర్ వానలా ఉందని జోకులేసుకునేవారట.

విచిత్రం ఏంటంటే, 1945లో ఏస్ అనే యంత్రాన్ని డిజైన్ చేసినప్పుడు, మనిషి చదివే రూపం వేరు, యంత్రానికిచ్చే రూపం వేరు అని రాసింది కూడా ఈయనే. మరి మాంచెస్టర్‌లో ఎందుకిలా? ఆ తిరగేసిన లెక్క ఆయనకి తేలిక. అందుకే మిగతావాళ్ల అవస్థ పెద్దగా కనబడలేదేమోనని నా అనుమానం. ఆ అవస్థని తీర్చింది ఆయన తర్వాత వచ్చిన టోనీ బ్రూకర్. 1954లో బ్రూకర్ తెచ్చిన ఆటోకోడ్‌లో మామూలు అంకెలే, మామూలు సమీకరణాలే.

అదే ఏడాది జూన్ 7న ట్యూరింగ్ సైనైడ్ విషంతో చనిపోయారు. అప్పటికి నలభై ఒక్కేళ్లు. ఇంకో మగవాడితో సంబంధం ఉండటం అప్పటి బ్రిటన్ చట్టంలో నేరం. ఆ నేరానికి 1952లో కోర్టు శిక్ష వేసింది. జైలు తప్పించుకోడానికి ఆయన హార్మోన్ల చికిత్సకి ఒప్పుకోవాల్సొచ్చింది. రాణి క్షమాభిక్ష వచ్చింది 2013లో.

యంత్రం గుర్తుల్ని అంత ఓపిగ్గా చదివిన మనిషిని అర్థం చేసుకోడానికి ఆయన దేశానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది.