మూగజీవాల రక్షణకు బాట వేసిన లూయీ పాశ్చర్

ఆయన వైద్యుడు కాదు. పశువైద్యం చదివిన వారూ కాదు. వృత్తిరీత్యా రసాయన శాస్త్ర ఆచార్యుడు. అయినప్పటికీ నేడు గొర్రెల మందకు, కోళ్ల దొడ్డికి, పెంపుడు కుక్కకు వేస్తున్న టీకాల వెనుక లూయీ పాశ్చర్ జీవితకాల కృషి ఉంది. ఏటా సెప్టెంబరు 28న ఆయన వర్ధంతి.

పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్స్‌లోని డోల్ పట్టణంలో, తోళ్లు పదునుచేసే కుటుంబంలో జన్మించారు. 1865లో పట్టుపురుగుల తెగులుపై పరిశోధన చేపట్టి, తల్లి సీతాకోకచిలుకను సూక్ష్మదర్శినితో పరీక్షించి ఆరోగ్యకరమైన గుడ్లను వేరుచేసే పద్ధతిని రైతులకు అందించారు. అనంతరం కోళ్ల కలరాపై దృష్టి సారించారు. చాలాకాలం నిల్వ ఉన్న సూక్ష్మజీవులను ఎక్కించిన కోళ్లు చనిపోకపోగా, ఆ తర్వాత తీవ్రమైన రోగాన్ని సైతం తట్టుకున్నాయి. బలహీనపడిన సూక్ష్మజీవే రక్షణ కవచం కాగలదన్న సూత్రం 1880 నాటికి స్థిరపడింది.

ఆ రోజుల్లో ఆంథ్రాక్స్ అనే దొమ్మ వ్యాధి ఫ్రాన్స్‌లో గొర్రెల మందలను తుడిచిపెట్టేది. పాశ్చర్ వాదనను బహిరంగంగా నిరూపించాలని రొసిన్యోల్ అనే పశువైద్యుడు కోరగా, 1881 మే 5న పుయ్యీ-ల-ఫోర్ గ్రామంలో పరీక్ష మొదలైంది. 24 గొర్రెలు, ఒక మేక, 6 పశువులకు రెండు విడతలుగా టీకా వేశారు. మరో 24 గొర్రెలు, ఒక మేక, 4 పశువులను టీకా లేకుండా ఉంచారు. మే 31న అన్నింటికీ తీవ్రమైన దొమ్మ క్రిములను ఎక్కించారు. జూన్ 2న జనం గుమిగూడి చూస్తుండగా ఫలితం తేలింది. టీకా పొందిన జీవాలు నిలిచాయి. టీకా లేని గొర్రెలు, మేక ప్రాణాలు విడిచాయి. టీకా లేని పశువులకు వాపులు, జ్వరం వచ్చాయి.

ఈ విజయానికి మరో కోణమూ ఉంది. ఆ టీకాను తన సహాయకుడు షాంబర్లాన్ పొటాషియం డైక్రోమేట్‌తో తయారుచేసిన విషయాన్ని పాశ్చర్ నాడు వెల్లడించలేదు. గాలిలోని ప్రాణవాయువుతో క్రిములను బలహీనపరిచే తన పద్ధతినే వాడినట్లు లోకం భావించింది. రసాయనంతో దొమ్మ టీకాను తయారుచేసే మార్గంలో అంతకుముందే నడిచిన పశువైద్య ఆచార్యుడు టూసాన్‌కు దక్కవలసిన కీర్తి మరుగున పడింది. పాశ్చర్ ప్రయోగ పుస్తకాలు 1970వ దశకంలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాక ఈ వాస్తవం బయటపడింది.

దొమ్మతో చనిపోయిన పశువును పాతిన చోట క్రిములు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయని కూడా పాశ్చర్ బృందం గుర్తించింది. అటువంటి కళేబరాన్ని కోయరాదని, తోలు తీయరాదని, సున్నం చల్లి లోతుగా పాతాలని పశువైద్యులు నేటికీ చెబుతున్నది ఇందుకే.

1885 జులై 6న పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాలుడు జోసెఫ్ మైస్టర్‌కు పాశ్చర్ రేబిస్ టీకా చికిత్స ప్రారంభింపజేశారు. బాలుడు బతికాడు. 1888లో ప్యారిస్‌లో పాశ్చర్ సంస్థ వెలిసింది. 1907లో తమిళనాడులోని కూనూరులో ఆయన పేరిట మరో సంస్థ ఏర్పడింది. 1895 సెప్టెంబరు 28న పాశ్చర్ కన్నుమూశారు. ఆ తేదీనే ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తున్నారు. ఆ సందర్భంగా పశువైద్యశాలల్లో కుక్కలకు వేసే ప్రతి టీకా ఆయనకు అర్పించే నివాళే.