శ్రీకూర్మం స్తంభం మీది సన్యాసి



కార్తీక మాసంలో మా ఏడో తరగతి పిల్లల్ని శ్రీకూర్మం తీసుకెళ్లాం. మీలో కొందరు అనుమతి పత్రం మీద సంతకం పెట్టి, పులిహోర డబ్బా సర్ది పంపారు. తిరిగొచ్చాక పిల్లలు మీకు ఏం చెప్పి ఉంటారో నాకు తెలుసు. నక్షత్ర తాబేళ్లు, రెండు ధ్వజస్తంభాలు, శ్వేత పుష్కరిణి, బస్సులో పాటలు. ఆ రోజు నేనూ అంతకు మించి చూడలేదు. నల్లరాతి స్తంభాల మండపంలో పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ గబగబా నడిచేశాను. ఆ స్తంభాల్లో ఒకదాని మీద ఎవరి పేరుందో రావివలస వచ్చాక, తీరిగ్గా చదువుకుంటుంటే తెలిసింది. పిల్లలకు చెప్పాల్సిన సమయంలో చెప్పలేకపోయానని బాధేసింది. అందుకే ఈ నెల మీకు చెబుతున్నాను.

ఆయన నరహరి తీర్థులు. ఉడుపి, హంపి వైపు మధ్వ మఠాల్లో ఈ పేరు తెలియనివారు ఉండరు. మీరు మంత్రాలయం వెళ్లి ఉంటే, అక్కడి రాఘవేంద్రస్వామి గురుపరంపరలో మధ్వాచార్యుల తర్వాత పద్మనాభ తీర్థులు, ఆ తర్వాత నరహరి తీర్థులు వస్తారు. అంత పెద్ద పేరున్న మనిషి తన జీవితంలో ముఖ్యమైన ఏళ్లు గడిపింది మన శ్రీకాకుళం జిల్లాలో. మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో మీరే ఒకసారి అడిగి చూడండి.

అప్పటి కాలం కాస్త చెప్పాలి. పదమూడో శతాబ్దం. కళింగాన్ని తూర్పు గాంగ రాజులు ఏలుతున్నారు. వాళ్ల పాత రాజధాని మన వంశధార ఒడ్డునున్న ముఖలింగం. అప్పటికే అది కటకానికి మారిపోయింది. కోణార్క సూర్యదేవాలయం కట్టించిన మొదటి నరసింహదేవుడు 1264లో పోయాడు. తర్వాత మొదటి భానుదేవుడు, ఆయన తర్వాత రెండో నరసింహదేవుడు రాజులయ్యారు. నరహరి తీర్థుల ప్రస్తావన ఉన్న శాసనాలు శ్రీకూర్మంలోనూ సింహాచలంలోనూ దొరికాయి. అవి 1264 నుంచి 1294 మధ్యవి. అంటే దాదాపు ముప్పై ఏళ్లు.

ఆయన పూర్వాశ్రమంలో పేరు శ్యామశాస్త్రి అని సంప్రదాయం చెబుతుంది. మధ్వాచార్యులు బదరీ యాత్ర నుంచి తిరిగి వస్తూ గోదావరి తీరంలో పండితులతో వాదం చేశారు. అక్కడ శోభనభట్టు అనే పండితుడు ఓడి శిష్యుడయ్యాడు. ఆయనే పద్మనాభ తీర్థులు. శ్యామశాస్త్రి కూడా అలా మధ్వుల దగ్గరికి చేరినవాడే. జీవుడు వేరు, దేవుడు వేరు, ఆ తేడా ఎప్పటికీ ఉంటుంది, భక్తి అక్కడి నుంచే మొదలవుతుంది అనేది మధ్వుల సిద్ధాంతం. దాన్నే ద్వైతం అంటాం. ఆ గురువు దగ్గరే ఉండిపోయి చదువుకోవాలని, సేవ చేసుకోవాలని ఈ కొత్త సన్యాసి కోరిక.

గురువు ఒప్పుకోలేదు. కళింగానికి వెళ్లమన్నారు. వెళ్లి అక్కడి రాచకొలువులో పని చేయమన్నారు. అక్కడి ఖజానాలో మూలరాముడు, సీత విగ్రహాలు ఉన్నాయని, సమయం వచ్చినప్పుడు వాటిని తీసుకురావాలని ఆదేశం.

ఈ ఒక్క విషయం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇల్లూ వాకిలీ, హోదా, జీతం అన్నీ వదిలేసినవాడే కదా సన్యాసి! ఆయన్ని మళ్లీ ఉద్యోగానికి పొమ్మంటే ఎలా ఉంటుంది? అదీ ఒక ఏడాదో రెండేళ్లో కాదు. మన ఉద్దానంలో ఇది ఊహించుకోవడం కష్టం కాదనుకుంటాను. మీలో చాలామంది హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో, గల్ఫ్‌లోనో, ఓడల మీదో పనిచేస్తూ, ఇంటికి రావాల్సిన తేదీని క్యాలెండర్‌లో దిద్దుకుంటూ ఉంటారు. ఫీజు కట్టే రోజు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న పిల్లాడు ఎలా ఉన్నాడని. మనసు ఒకచోట, పని ఇంకోచోట ఉండటం మీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

కళింగంలో ఏం జరిగిందో ఒక కథ చెబుతారు. రాజు పోయాడు, వారసుడు పసివాడు. రాజ్యాన్ని ఎవరు చూసుకోవాలో తేలక మంత్రులు పట్టపుటేనుగు తొండానికి పూలమాల ఇచ్చి ఊళ్లోకి వదిలారట. అది వీధులన్నీ తిరిగి, భిక్షకు వెళ్తున్న నరహరి తీర్థుల మెడలో మాల వేసిందట. అలా ఆయన పన్నెండేళ్లు రాజ్యం నడిపి, కుర్రవాడు పెద్దవాడయ్యాక సింహాసనం అప్పగించారని సంప్రదాయం. ఆ కుర్రవాడు రెండో నరసింహదేవుడని పరిశోధకులు అనుకుంటారు.

ఏనుగు కథను మీరు నమ్మాలని నేననను. నేను క్లాసులో పిల్లలకు చెప్పేటప్పుడు కథను కథగా, రాతను రాతగా వేరుచేసి చెబుతాను. శ్రీకూర్మం స్తంభం మీద ఉన్నది రాత. అది శక సంవత్సరం 1203 నాటిది. అంటే 1281. సంస్కృత శ్లోకాలు, లిపి మాత్రం మన తెలుగు. అందులో గురువుల వరస ఉంది. మొదట పురుషోత్తమ తీర్థులు, ఆయన శిష్యుడు ఆనంద తీర్థులు, అంటే మధ్వాచార్యులు, ఆయన శిష్యుడు నరహరి తీర్థులు. ఈయన కళింగ ప్రజలను ధర్మంగా కాపాడారని, శ్రీకూర్మంలో యోగానంద నరసింహస్వామికి గుడి కట్టించారని ఆ శాసనం చెబుతుంది. ఏనుగు లేదు గానీ, సన్యాసి చేతిలో రాజ్యభారం ఉన్న మాట మాత్రం రాతి మీదే ఉంది.

ఇంకో మాట కూడా ఉంది. శబరుల దాడి నుంచి శ్రీకూర్మనాథుడి గుడిని కాపాడటానికి ఆయన కత్తి పట్టారట. ఇది చదివినప్పుడు నాకు కాస్త ఇబ్బంది అనిపించింది. శబరులంటే మన మందస, సీతంపేట కొండల్లో ఉండే సవరల పూర్వీకులే. వాళ్ల పిల్లలు మన తరగతుల్లోనూ ఉన్నారు. ఆ గొడవ ఎందుకొచ్చిందో, వాళ్లు ఏం పోగొట్టుకుని కొండ దిగారో స్తంభం మీద లేదు. శాసనం చెక్కించినది గుడి తరఫువాళ్లు. అవతలివాళ్లకు ఆ రోజుల్లో రాత లేదు. సవర భాషకు నిఘంటువు కోసం మన గిడుగు రామమూర్తి పంతులు గారు కూర్చునే వరకు ఇంకో ఆరు వందల ఏళ్లు పట్టింది. పిల్లలకు ఈ శాసనం గురించి చెప్పేటప్పుడు ఈ సగం కూడా చెప్పాలని నా అభిప్రాయం.

సన్యాసులు రాజ్యం పనులు చూడటం ఒక్క మన దగ్గరే జరగలేదు. నేను ఇంగ్లిష్ టీచర్‌ని కాబట్టి ఈ పోలిక తోచింది. సరిగ్గా అవే ఏళ్లలో ఇంగ్లండులో థామస్ కాంటిలూప్ అనే మతాచార్యుడు ఉండేవాడు. 1265లో రాజు మూడో హెన్రీకి ఛాన్సలర్‌గా పనిచేశాడు, 1275లో హెర్ఫర్డ్ బిషప్ అయ్యాడు. చివరికి కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌తో తగవు వచ్చి, పోప్‌కి మొరపెట్టుకోవడానికి ఇటలీ వెళ్లి 1282లో అక్కడే పోయాడు. 1320లో చర్చి ఆయన్ని సెయింట్‌గా ప్రకటించింది. శ్రీకూర్మంలో నరసింహస్వామి గుడి లేచిన మరుసటి ఏడాదే ఆయన చనిపోయాడు. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలిసే అవకాశం లేదు.

మళ్లీ మన ఆయన దగ్గరికి. రాజ్యం అప్పగించే రోజున ఏం కావాలో కోరుకోమంటే, ఆయన ఖజానాలోని ఆ రెండు విగ్రహాలు మాత్రమే అడిగారట. భూములు అడగలేదు, బంగారం అడగలేదు. విగ్రహాలు తీసుకుని గురువు దగ్గరికి చేరేసరికి మధ్వులకు వయసు మీరిపోయింది. ఎనభై రోజులు మాత్రమే ఆయన ఆ విగ్రహాలకు పూజ చేశారని చెబుతారు. ఇన్నేళ్ల దూరానికి గురువు సన్నిధిలో దక్కింది ఆ కొద్దికాలమే. మూలరాముడి పూజ మాత్రం మధ్వ సంప్రదాయంలో ఇప్పటికీ సాగుతోంది.

1317లో మధ్వులు వెళ్లిపోయాక పద్మనాభ తీర్థులు పీఠం ఎక్కారు. 1324లో నరహరి తీర్థుల వంతు వచ్చింది. అప్పటికి ఆయన బాగా పెద్దవారు. తొమ్మిదేళ్లు పీఠంలో ఉండి 1333లో దేహం విడిచారు. బృందావనం హంపిలో, తుంగభద్ర మీద చక్రతీర్థం దగ్గర ఉంది. గురువు రాసిన గీతాభాష్యానికి ఆయన భావప్రకాశిక అనే వ్యాఖ్య రాశారు. కన్నడంలో భక్తి కీర్తనలు కూడా రాశారు గానీ మిగిలినవి చాలా కొద్ది. హరిదాస సంప్రదాయానికి ఆది ఆయనే అంటారు. ఆ దారిలోనే తర్వాత శ్రీపాదరాయలు, వ్యాసతీర్థులు, పురందరదాసు వచ్చారు. మీ అమ్మాయి సంగీతం క్లాసులో సాధన చేసే సరళీ స్వరాలు పురందరదాసు ఏర్పరచినవే కదా, ఆ తీగ ఒక కొస మన జిల్లాలో ఉందన్నమాట.

చదువుకున్నవాళ్లకు ఈ స్తంభం ఇంకో మేలు చేసింది. మధ్వాచార్యులు ఎప్పుడు జీవించారన్న దాని మీద పెద్ద చర్చ ఉండేది. కొన్ని మఠాల జాబితాల లెక్కలో ఆయన పన్నెండో శతాబ్దం చివరికే కాలం చేశారు. కానీ నేరుగా ఆయన శిష్యుడే 1281లో గుడి కట్టి, 1294 వరకు శాసనాల్లో కనిపిస్తుంటే ఆ లెక్క ఎలా నిలుస్తుంది? ఈ శాసనాలను ఆధారం చేసుకుని పరిశోధకులు మధ్వుల కాలాన్ని 1238 నుంచి 1317గా సరిదిద్దారు. ఉడుపి వాళ్ల ఆదిగురువు తేదీ తేలడానికి సాక్ష్యం శ్రీకాకుళం నుంచి వెళ్లింది. మ్యాథ్స్ సార్‌కి ఈ సంగతి చెబితే, పిల్లలకు ఎలిమినేషన్ పద్ధతి నేర్పడానికి ఇంతకన్నా మంచి లెక్క దొరకదన్నారు.

2025లో సింహాచలం ఆలయంలో ఒక శిల్పాన్ని నరహరి తీర్థులదిగా గుర్తించారని పత్రికల్లో వచ్చింది. ఎత్తు మూడడుగులు. చేతిలో తాళపత్రాలు ఉన్నాయట, కత్తి కాదు.

సంక్రాంతి సెలవుల్లో అరసవల్లి వెళ్లేవాళ్లు ఎలాగూ శ్రీకూర్మం కూడా వెళ్తారు. పెద్దల కార్యాల కోసం వెళ్లేవాళ్లూ ఉంటారు. దర్శనం అయ్యాక ఒక్క పది నిమిషాలు మండపంలో ఆగండి. స్తంభాల మీద అక్షరాలు చాలానే ఉన్నాయి, ఏది ఏదో తెలియకపోతే అర్చకులను అడగండి. పిల్లల్ని దగ్గరికి తీసుకెళ్లి, మన అక్షరాల పాత రూపాల్లో ఏవి గుర్తుపడతారో చూడమనండి. ముట్టుకోవద్దని మాత్రం ముందే చెప్పండి, ఇప్పటికే కొన్నిచోట్ల అరిగిపోయాయి. వాళ్లు నోట్‌బుక్‌లో గీసుకొచ్చినవి సెలవుల తర్వాత నాకు చూపిస్తే, తరగతి గోడ మీద అంటిస్తాను.