యంత్రశిల్పి జి. డి. నాయుడుగారు

స్వగ్రామమునకు దూరముగా వచ్చి, అన్యభాషాప్రాంతమున కాపురమేర్పరచుకొని, ఇంటియందు మాత్రము తెలుగు మాటలాడుకొను కుటుంబములు భిలాయియందలి స్మృతి నగర్‌లో పెక్కు కలవు. ఇట్టి కుటుంబములకు కోయంబత్తూరు తెలుగువారి కథ కొత్తగా తోచదు. విజయనగర ప్రభువుల కాలమునను, నాయకరాజుల కాలమునను కొంగునాటికి వలసపోయిన తెలుగు కృషీవలులు శతాబ్దములు గడచినను గృహభాషను విడువలేదు. బడిలో తమిళము చదివి, బజారులో తమిళము మాటలాడి, వంటయింటి గడప దాటగనే తెలుగునకు మరలుచుండిరి. అట్టి యొక రైతుకుటుంబమున, కోయంబత్తూరు సమీపమునగల కలంగల్ అను పల్లెయందు, 1893 మార్చి 23వ తేదీన గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు జన్మించిరి. లోకము వారిని జి. డి. నాయుడుగారని యెఱుగును.

వారు పసితనముననే తల్లిని కోల్పోయిరి. బడి వారికి సరిపడలేదు. ఉపాధ్యాయులకును వారు సరిపడలేదు. ప్రాథమిక తరగతులతోనే చదువు ముగిసినది. పొలముపనిలో నుండి తీరిక దొరికినప్పుడెల్ల తమిళగ్రంథములు తమంత తాము చదువుకొనిరి. గుఱుతింపదగిన సంగతి యేమనగా, గురువులేని చదువు అలవడినవారికి యంత్రముగూడ ఒక పుస్తకమువలెనే కనబడును.

ఆ పుస్తకము మొదటిసారి వారి కంటబడినది ఒక ఆంగ్లేయాధికారి నడుపుచున్న మోటారుసైకిలు రూపమున. ఎద్దుగాని గుఱ్ఱముగాని లేకుండ తానై పరుగిడు బండి ఆ పల్లెటూరి యువకుని మనస్సును హరించినది. అట్టిదానిని కొనవలెనన్న ధనము లేదు. నాయుడుగారు ఇల్లువిడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డనపనికి కుదిరి, జీతములో నుండి కాసు కాసు కూడబెట్టి మోటారుసైకిలు కొనిరి. కొన్నది ఊరేగుటకు కాదు. మరలు విప్పి, భాగములన్నియు వేఱుచేసి, తిరిగి యథాస్థానమున నమర్చి నడిపిచూచిరి. వారి ఇంజనీరింగు కళాశాల అదియే యనవచ్చును.

తరువాత ప్రత్తివ్యాపారములో దిగి మంచి లాభము గడించిరి. ఆ ధనముతో బొంబాయికి పోయి, అచ్చటి జూదమువంటి వ్యాపారములో సర్వము పోగొట్టుకొని తిరిగివచ్చిరి. అట్టి సమయమున వారికి ఆసరాయైనవారు కోయంబత్తూరులో పరిశ్రమలను, విద్యాలయమును నెలకొల్పిన స్టేన్సు దొరగారు. పట్టములేని, పెట్టుబడిలేని ఒక పనివానియందు ఆయన విశ్వాసముంచిరి. ఆ తోడ్పాటుతో 1920వ సంవత్సరమున నాయుడుగారు ఒక మోటారుబండి సంపాదించి, పొల్లాచ్చి పళని పట్టణములనడుమ తామే నడుపసాగిరి. ఒక్క బండి కొలది సంవత్సరములలో యూనివర్సల్ మోటార్ సర్వీసు అను పెద్దసంస్థయైనది. పళని సుబ్రహ్మణ్యస్వామి దర్శనార్థము పోవు యాత్రికులకు ఎద్దుబండి ప్రయాణపు బాధ తప్పినది.

బస్సులు ఎంత లాభము తెచ్చినను నాయుడుగారి మనస్సు వర్క్‌షాపునందే యుండెను. 1930ల తొలిభాగమున నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరు సీమకు వచ్చినది. ఆ సీమలో వాన తక్కువ, బావులు మిక్కిలి లోతు. తెల్లవారుజాముననుండి ఎద్దులచేత కపిల తోలించినను తడియునది కొద్దిపాటి భూమియే. తీగలలో కరెంటు వచ్చినది గాని, దానిని నీరుగా మార్చు మోటారు విదేశమునుండి రావలసియుండెను. 1937లో నాయుడుగారును, డి. బాలసుందరము నాయుడుగారును కలసి పీలమేడునందు మోటారును తయారుచేయించిరి. భారతదేశమున తయారైన మొదటి విద్యుత్తు మోటారుగా దానిని చెప్పుదురు. పలుచని ఉక్కురేకులను ఒకదానిపై నొకటి పేర్చి, వాని గాళ్లలో రాగితీగ చుట్టి, నడుమ తిరుగు భాగమును వెండ్రుకవాసి యెడముతో నిలుపవలెను. రేకు మందమైనచో వేడెక్కును. యెడము హెచ్చినచో బలము తగ్గును. ఉక్కుతో నిత్యము సహవాసము చేయు భిలాయి పాఠకులకు ఇందలి కష్టము వేఱుగ చెప్పనక్కరలేదు. బాలసుందరము నాయుడుగారు తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించిరి. నేడు మోటారులకును పంపులకును కోయంబత్తూరు దేశమంతట ప్రసిద్ధి చెందియున్నది.

నాయుడుగారు ఐరోపా, అమెరికా ఖండములను పర్యటించిరి. చూచినదానిని మరువకుండుటకు కెమెరా వెంటబెట్టుకొనిపోయిరి. 1936 జనవరిలో లండనునందు జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయముగా ఫిల్ముపై కెక్కించిరి. డ్రై సెల్లులతో నడచు చిన్నమోటారు గల క్షురయంత్రమును కల్పించి, రసంత్ అను పేరున వెలువరించిరి. అతిపలుచని బ్లేడు, పండ్లరసము తీయు యంత్రము, కిరోసినుతో తిరుగు పంకా, మోసమునకు తావీయని ఓట్లయంత్రము, ఇట్లు వారి చేతినుండి వెలువడినవి పెక్కు. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేసి యీయగలనని ప్రకటించిరి. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయిలలో కొత్తరకములను పెంచిరి. సర్ సి. వి. రామన్‌గారును, విశ్వేశ్వరయ్యగారును వారి తోటను దర్శించిరి. ఉదయము 6 గంటలకు పునాది మొదలుపెట్టి, సాయంత్రము 5 గంటలకు ఇల్లు పూర్తిచేయించిన ఘనతయు వారికి కలదు. ఇది కొంత ప్రదర్శనాప్రీతియే యనిపించును; అయినను పని యేర్పాటు సరిగానున్నచో కాలమెంత మిగులునో చూపుటయే వారి తాత్పర్యము.

తనకు స్టేన్సు దొర దొరకినట్లు తక్కినవారికి ఎవరు దొరకుదురు? ఈ చింత నాయుడుగారిని ఊరకుండనీయలేదు. పరిశోధకులకును విద్యార్థులకును ధనసహాయము చేసిరి. కార్మికుల సంక్షేమమునకు సంస్థ నెలకొల్పిరి. వారి కృషితోను దానముతోను, మద్రాసు గవర్నరు పేరిట ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఆర్థర్ హోప్ ఇంజనీరింగు కళాశాల ఏర్పడినవి. ఆ కళాశాలయే నేడు కోయంబత్తూరులోని ప్రభుత్వ సాంకేతిక కళాశాల. ప్రాథమిక తరగతులతో చదువు మానిన మనుష్యుడు 1945లో ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలగుట విచిత్రము గదా! నాలుగేండ్ల చదువు వ్యర్థమనియు, పనితో కూడిన రెండేండ్ల శిక్షణము చాలుననియు వారు పట్టుబట్టిరి. ప్రభుత్వము సమ్మతింపలేదు. వారు రాజీనామా యిచ్చి బయటికి వచ్చిరి. ఈ వివాదమున న్యాయమంతయు నాయుడుగారి పక్షముననే కలదనుట కష్టము. వంతెన కట్టువానికిని, కొలిమి నడుపువానికిని గణితము కావలెను. అది రెండేండ్లలో అందరికిని పట్టుబడదు. తమవంటి మేధ సర్వసాధారణమని భావించుట వారి లోపము. అయినను చేయి మురికి కాని ఇంజనీరుపట్ల వారికిగల అసహనము నిష్కారణమైనదికాదు.

వారి జీవితమున పెద్దదెబ్బ 1952లో తగిలినది. ఇద్దరు కూర్చుండదగిన చిన్నపెట్రోలు కారును నిర్మించి, 2,000 రూపాయలకు అమ్మజూపిరి. గుమాస్తా సైతము కలగనదగిన వెల అది. పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణల చట్టము అమలులోనికి వచ్చినదియు ఆ సంవత్సరముననే. కొత్తవస్తువును కనిపెట్టినవాడు పేటెంటు పొందవచ్చును. కాని దానిని కర్మాగారమున తయారుచేయుటకు లైసెన్సు వేఱుగ కావలెను. నాయుడుగారికి లైసెన్సు రాలేదు. కారు ఆగిపోయినది. పరిమితమైన ఉక్కును, విదేశీద్రవ్యమును ముఖ్యావసరములకు కేటాయింపవలెనను ప్రభుత్వవాదము కాదనరానిదే. 1955లో సోవియటు రష్యాతో ఒడంబడిక జరిగి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాజేంద్రప్రసాదుగారు భిలాయి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించుట అట్టి కేటాయింపుల ఫలమే. దాని నీడన బ్రదికినవారు ఆ విధానమును నిందింపజాలరు. కాని మహాకర్మాగారములకు చోటు చూపిన ఆ ఫైళ్లలో ఒంటరి యంత్రశిల్పికి ఒక మూలయైనను చోటు చూపకపోవుట లోటు గానే మిగిలినది. పన్నుల భారమునకు నిరసనగా నాయుడుగారు తాము చేయించిన వస్తువులను ప్రజలయెదుటనే పగులగొట్టించిరి. అందు కోపముకన్న దుఃఖమే హెచ్చుగా కనబడును.

స్వతంత్ర పరిశోధకులను వెదకి, నమూనాకు ధనమిచ్చి, పేటెంటు పత్రములు వ్రాయించి యిచ్చుటకు జాతీయ ఆవిష్కరణల సంస్థ 2000వ సంవత్సరమున గాని ఏర్పడలేదు. అప్పటికి నాయుడుగారు గతించి 26 సంవత్సరములు.

అయినను తుదిదినములలో వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1967లో కోయంబత్తూరునందు పారిశ్రామిక ప్రదర్శనశాలను నెలకొల్పిరి. యంత్రమును చూడనిచ్చినచో పిల్లవాడు తానే ప్రశ్నవేయునని వారి నమ్మకము. 1974 జనవరి 4వ తేదీన వారు కీర్తిశేషులైరి. 2025లో అవినాశి మార్గమున కట్టిన పదికిలోమీటర్ల పైవంతెనకు వారి పేరు పెట్టబడినది. ఆ మార్గముననే మోటారుబండ్ల ప్రదర్శనశాల కలదు. సెలవుదినములలో పిల్లలు తండ్రుల చేతులు పట్టుకొని లోనికి పోవుచుందురు.